వేలిగీతలు, స్పర్శజ్ఞానం

వేలికొసల చర్మం మీద సుమారు అర మిల్లీమీటరు ఎడంతో ఉండే సన్నని గట్లే వేలిగీతలు. తల్లి కడుపులో మూడో నెల నుంచే ఇవి రూపుదిద్దుకుంటాయి. ఒకసారి పడిన ఆకృతి జీవితాంతం మారదు. లోకం వీటిని మనిషి ఆనవాలుగానే ఎక్కువగా గుర్తుంచుకుంది. స్పర్శలో వీటి పాత్ర అంతకన్నా ఆసక్తికరం.

చీర కొనేవాళ్లు బట్టను ఊరికే ముట్టుకోరు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి రాసి చూస్తారు. వేలు కదిలితేనే నేత బిగువు తెలుస్తుంది, ఎందుకంటే గట్లు పోగులకు రాసుకున్నప్పుడు చర్మం కంపిస్తుంది. 2009లో పారిస్ శాస్త్రవేత్తలు గీతలున్న, గీతలు లేని కృత్రిమ వేలికొసలను పోల్చి చూశారు. సెకనుకు 200 నుంచి 300 సార్లు వచ్చే కంపనాలను గీతలు ఎంచి మరీ పెంచుతున్నాయని తేలింది. చర్మం లోతుల్లో ఉండి కంపనాలను పసిగట్టే పాసినియన్ కణికలనే స్పర్శ గ్రాహకాలు అన్నిటికన్నా బాగా స్పందించేది ఈ కంపనాలకే!

గీతలు శంఖంలా, చక్రంలా వంపు తిరిగి ఉండటానికీ ప్రయోజనం ఉండవచ్చని ఆ బృందం భావించింది: వేలిని ఎటు జరిపినా కొన్ని గట్లు కదలికకు అడ్డంగానే ఉంటాయి.

2021లో స్వీడన్‌లో మనుషుల చేతి నాడుల సంకేతాలనే నేరుగా నమోదు చేశారు. చర్మం మీద ఒక్కో నాడీతంతువు స్పందించే చిన్న చిన్న తావులు దాదాపు 0.4 మిల్లీమీటర్లు, అంటే ఇంచుమించు ఒక గీత వెడల్పు.