డ్యాష్‌బోర్డు: బురద పలక కథ

ఇంగ్లిషులో ‘డ్యాష్’ అంటే చిమ్మడం కూడా. గుర్రం గిట్టలు చిమ్మే బురద బండి తోలేవాడి మీద పడకుండా ముందు బిగించిన అడ్డుపలకే తొలి డ్యాష్‌బోర్డు. 1840ల నాటికే ఆ పేరుంది. కార్లొచ్చాక గుర్రం పోయింది, పలక మిగిలింది. స్పీడు, పెట్రోలు చూపే ముళ్లు దాని మీదికి చేరాయి. అక్కడి నుంచి మాట కంప్యూటర్ తెరకెక్కింది. ఇప్పుడు చిమ్మేవి అంకెలే!

ఆ అంకెలను తెర మీద ఎలా పేర్చాలో తిరుమల ఉదాహరణతో చూద్దాం. అక్కడి వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో 2025 సెప్టెంబరులో రద్దీని తెరల మీద గమనించే కమాండ్ కంట్రోల్ సెంటర్ మొదలైంది. ఆ మాటకొస్తే టీటీడీ రోజూ చెప్పే లెక్కే డ్యాష్‌బోర్డుకు కావలసినంత సరుకు: దర్శనం చేసుకున్నవారు, తలనీలాలు, హుండీ, నిండిన కంపార్టుమెంట్లు, సర్వదర్శనానికి పట్టే గంటలు. వీటిని తెర మీద పేర్చమంటే చాలామంది హుండీని నడిమధ్య పెడతారు. చిత్తూరులో బస్సెక్కబోయే మనిషికి హుండీతో ఏం పని? ఆయనకు కావలసింది నిరీక్షణ గంటలు. ఎడమ పైమూల, ఒక్క పెద్ద అంకెగా అది కనబడాలి. తెలుగు చదివే కన్ను ముందు వాలేది అక్కడే. నెల పొడుగునా రద్దీకి గీత చార్టు, శనివారాన్ని మంగళవారంతో పోల్చడానికి బార్ చార్టు చాలు. పది ముక్కల ‘పై’ (pie) చార్టు మాత్రం పెట్టకండి, ఏ ముక్క పెద్దదో ఎవరికీ తెలియదు.