సెల్లోఫేన్: మట్టిలో కలిసిన గాజురేకు

మిఠాయి పెట్టెలకును శుభలేఖలకును చుట్టు పలుచని ప్లాస్టిక్ పొరలను మన దేశము 2022 జూలై 1న నిషేధించినది. ఆ తేదీ ఏటేట వచ్చినప్పుడెల్ల, ఒకప్పుడు ఆ స్థానమున మెరసిన సెల్లోఫేన్ నాకు స్మరణకు వచ్చును.

ఆహారమును సన్నని పొరతో కాపాడు యత్నము మిగుల పురాతనము. చైనావారు నిమ్మజాతి ఫలములకు మైనము పూసిరి. ఆంగ్లేయులు మాంసమును కొవ్వుతో కప్పిరి. బియ్యపు పిండినీటిలో తడిపిన గుడ్డను కాగిన కుండపై పరచి ఆత్రేయపురపు స్త్రీలు తీయు పూతరేకు సైతము తినదగిన పిండిపొరయే. అయినను యంత్రము మీద కోసుల పొడవున తీయగల పొర లభించుటకు ఇరువదవ శతాబ్ది రావలసివచ్చెను.

ఫ్రాన్సు వస్త్రపరిశ్రమలో పనిచేయుచుండిన స్విట్జర్లాండు దేశీయుడు జాక్ బ్రాండెన్‌బర్గర్, భోజనశాలలో బల్లగుడ్డపై ద్రాక్షాసవమొలికి మరకపడుట చూచి, మరకపట్టని గుడ్డను చేయనెంచెనని చెప్పుదురు. కట్టెగుజ్జునుండి 1892లో ఆంగ్ల రసాయనశాస్త్రజ్ఞులు సాధించిన విస్కోసు ద్రవమును ఆయన గుడ్డకు పూయగా, గుడ్డ బిరుసెక్కి కొరగాకపోయెను గాని, పూత మాత్రము గాజువలె పారదర్శకమై ఊడివచ్చెను. గుడ్డను విడిచి పొరను పట్టుకొనుటలోనే ఆయన ప్రజ్ఞయంతయు గలదని నా అభిప్రాయము. 1908 నాటికి, ఆ ద్రవమును సన్నని చీలికగుండ ఆమ్లపు తొట్టిలోనికి వదలి అఖండమైన పొరగా గట్టిపరచు విధానమును ఆయన సాధించెను. అదియే సెల్లోఫేన్.

ఆ పొర నీటిబిందువును ఆపెను గాని నీటియావిరిని ఆపలేకపోయెను. లోపలి రొట్టె ఎండెను, మిఠాయి చెమర్చెను. 1927లో అమెరికాలోని డ్యూపాంట్ సంస్థకు చెందిన విలియం హేల్ చార్చ్, మైనమును నైట్రోసెల్యులోసును కలిపిన అతిసూక్ష్మమైన పూతతో ఆ లోపమును తీర్చెను. కొనువారు సరకును కన్నులార చూచి ఎంచుకొను వాడుక దానితో బలపడెను. అయితే పూతలేని సెల్లోఫేనును తడినేలలో కొన్ని నెలలకే జీర్ణించుకొను సూక్ష్మజీవులకు ఆ పూతయే అడ్డమైనది. ఆహారమును చెమ్మనుండి కాపాడుటయు, ఆ చెమ్మలోనే తాను శిథిలమగుటయు ఒకే పొరయందు ఇముడ్చుట నేటికిని దుష్కరమే.

తరువాత చౌకయైన పాలిథిన్, పాలీప్రొపిలీన్ వచ్చి సెల్లోఫేనును వెనుకకు నెట్టినవి. దాని తయారీలో వాడు కార్బన్ డైసల్ఫైడు పనివారి నరములకు చేటుచేసినదనుటయు సత్యమే. ఇప్పుడు రొయ్యల పెంకులనుండి కైటోసాన్ పొరలు, మొక్కజొన్న పిండినుండి పాలీలాక్టిక్ ఆమ్లపు పొరలు తీయుచున్నారు. మొదటిది సూక్ష్మజీవులను అణచును గాని చెమ్మకు లొంగును. రెండవది కర్మాగారపు ఎరువుకుప్పలోని సుమారు 60 డిగ్రీల వేడి లేనిదే త్వరగా కుళ్ళదు. కావున పాఠకులు సంచిపై జీవవిచ్ఛిన్నమను అచ్చుమాటతో తృప్తిపడక, అది పెరటి మట్టిలో కుళ్ళునా, అంతటి వేడి కావలెనా యని అంగడివారిని అడుగవలెనని మనవి.