వరిబీజము: సిగ్గు దాచిన రోగము

మా కేంద్రమునకు వచ్చు జాబులలో పాటలు కోరునవి, నాటకములను మెచ్చుకొనునవి, మా ఉచ్చారణ దోషములను దిద్దునవి అనేకము లుండును. నడుమ నడుమ పేరు వ్రాయని జాబొకటి తగులును. కవరుపై శ్రీకాకుళము ముద్రయో, విజయనగరము ముద్రయో మాత్ర ముండును. లోపలి ప్రశ్న లివి: వరిబీజము వచ్చినవానికి వీర్యము చెడునా? సంతానము కలుగునా? పెండ్లి చేసికొనవచ్చునా? పేరు చెప్పుటకు సిగ్గుపడిన ఈ సోదరులకు ఆ రోగము చరిత్రనే సమాధానముగా చెప్పదలచితిమి.

వరిబీజమును పల్లెలలో బుడ్డ యందురు. వృషణమును కప్పియుండు పొరల నడుమ నీరు చేరుటయే ఈ వ్యాధి. కారణములు పెక్కు గలవు గాని, బోదకాలు చిరకాలముగా పీడించిన మన ఉత్తర కోస్తాలో ఫైలేరియా పురుగు ముఖ్యమైనది. ఆ నీరు వీర్యము కాదు. వీర్యము నిలిచిపోవుటచే పుట్టినదియు కాదు.

సుశ్రుత సంహిత చికిత్సాస్థానములో వృద్ధిరోగమును, శ్లీపదమును, అనగా బోదకాలును, ఒకే అధ్యాయమున చెప్పియున్నారు. వాపును శస్త్రముతో గ్రుచ్చి, గొట్టముద్వారా నీటిని తీయు విధానమును అందే కలదు. చికిత్స తెలిసినది గాని, కంటికి కానరాని కారణము తెలియు టెట్లు?

సూక్ష్మదర్శిని వచ్చిన పిమ్మటగాని ఈ చిక్కు విడలేదు. 1677లో హాలెండు దేశీయుడు లీవెన్‌హుక్ వీర్యములో కదలాడు కణములను చూచెను. 1863లో పారిసు నగరమున దెమార్కే అను శస్త్రవైద్యుడు, క్యూబానుండి వచ్చిన యొక రోగి వరిబీజపు నీటిలో సన్నని పురుగుపిల్లలను చూచెను. ఫైలేరియా పురుగు శాస్త్రజ్ఞుల కంట మొదట బడినది బోదకాలిలో కాదు, వరిబీజములోనే. 1872లో కలకత్తాలో లూయిస్ వానినే మానవరక్తములో కనుగొనెను. 1877లో చైనాదేశపు అమోయ్ రేవులో మాన్సన్, అవి దోమ కడుపులో పెరుగునని చూపెను. ఆ దోమ కాటువలననే రోగము మనిషికి సంక్రమించునని 1900 నాటికి తేలినది. మురుగునీటిలో పెరుగు క్యూలెక్స్ దోమయే మన ప్రాంతమున ఈ పని చేయుచున్నది. కనుక ఇది నడవడి దోషము కాదు, పూర్వజన్మ పాపము కాదు, పౌరుషలోపము అంతకన్న కాదు.

ఈ భయము మనవారికే పరిమితమైనది కాదు. రెండవ ప్రపంచయుద్ధములో పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికను సైనికులు వేలకొలది ఈ వ్యాధి బారిన పడిరి. వాపు, నొప్పి కన్న, పుంస్త్వము పోవునేమో, పిల్లలు కలుగరేమో యను దిగులే వారిని ఎక్కువగా క్రుంగదీసినది. ఆ దీవులను విడిచివచ్చిన పిమ్మట వారిలో అత్యధికులు కోలుకొనిరి.

ఇక మందు కథలో తెలుగువారు గర్వింపదగిన ఘట్ట మున్నది. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకుడై యుండగా, 1947లో డైఇథైల్ కార్బమజైన్ అను మందు వెలువడినది. మన దేశమున జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమము 1955లో మొదలైనది. 2004 నుండి ఏటేట అందరికీ మాత్రలు మ్రింగించు పద్ధతి వచ్చినది; శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో ఇంటింటికి తెచ్చి ఇచ్చినది ఈ సుబ్బారావు మాత్రయే. ఆ మాత్ర పెరటిలో పారవేసినవారు అది తెలుగువాని కృషి ఫలమని ఎరిగియున్న పారవేసెడివారు కారేమో!

ఇప్పుడు మొదటి ప్రశ్నలకు వత్తము. వీర్యకణములు వృషణములలో పుట్టును. ఒక కణము తయారగుటకు సుమారు 70 దినములు పట్టును. శరీరపు వేడికన్న కొంచెము చల్లదనము దానికి అవసరము. చిన్న వరిబీజమున్న వారికి సాధారణముగా సంతానమునకు అడ్డురాదు. ఏండ్ల తరబడి ఉపేక్షించి, మిక్కిలి పెరుగనిచ్చినచో ఒత్తిడి, వేడిమి కణముల ఉత్పత్తిని తగ్గింపవచ్చును. సందేహమున్నవారు వీర్యపరీక్ష చేయించుకొనవచ్చును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 ప్రమాణముల ప్రకారము మిల్లీలీటరునకు 1 కోటి 60 లక్షల కణములు కనీసపు గుర్తు; అంతకు తగ్గినంతమాత్రాన సంతానము కలుగదని కాదు.

మాత్ర పురుగుపిల్లలను తగ్గించును గాని, అప్పటికే నిండిన నీటిని తీయజాలదు. దానికి శస్త్రచికిత్సయే దారి. మరియు వృషణములలోని ప్రతి వాపు వరిబీజము కాదు; గిలక దిగుట కావచ్చును, అరుదుగా కంతియు కావచ్చును. కనుక వైద్యునికి చూపుట వాయిదా వేయరాదు.

సుశ్రుతుని కాలమున కారణము తెలియక రోగి బాధపడెను. నేడు కారణము తెలిసియు, సిగ్గుచే బాధపడుట తగునా? పేరు వ్రాయకపోయినను పరవాలేదు. వైద్యునికి మాత్రము వాపును దాచకుడు.