కిటికీల ఎంపికలో ఇంధన పొదుపు సూచికలు: గృహ నిర్మాణదారులు గమనించవలసిన అంశాలు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం పట్టణాలు సముద్రమట్టానికి 600 మీటర్లకు పైగా ఎత్తున ఉన్నందున మైదాన ప్రాంతాలంత ఉక్కపోత ఇక్కడ ఉండదు. అయినప్పటికీ పడమటి గోడకు పెద్ద అద్దాల కిటికీ అమర్చినచో ఏసీ కొనక తప్పని పరిస్థితి ఏర్పడగలదు.

ఫ్యాన్లు, రిఫ్రిజిరేటర్లపై గల నక్షత్రాలు ఆయా ఉపకరణాలకు చెందినవి. అద్దం విషయంలో తయారీదారు పత్రంలోని మూడు అంకెలను పరిశీలించాలి. లోపలి, బయటి ఉష్ణోగ్రతల తేడా వల్ల ప్రసరించే వేడిని యు-విలువ తెలుపుతుంది. అద్దంపై పడిన ఎండ వేడిలో లోనికి చేరే భాగమే ఎస్‌హెచ్‌జీసీ. సాధారణ తెల్ల అద్దానికి ఇది సుమారు 0.8, అనగా 80 శాతం వేడి గదిలోకి వచ్చినట్లే. ఈ రెండూ తక్కువగా ఉండటం మేలు. మూడవదైన వీఎల్‌టీ వెలుతురుకు సంబంధించినది. ముదురు రంగు అద్దం వేసి పగలే దీపం వెలిగించుకుంటే పొదుపు ఎక్కడిది?

ఇక్కడి వాతావరణానికి ఖరీదైన జంట అద్దాలకన్నా ఎస్‌హెచ్‌జీసీకే ప్రాధాన్యమివ్వడం సముచితం. దక్షిణపు కిటికీకి సజ్జా చాలును. పడమటి ఎండ ఏటవాలుగా సజ్జా కింది నుండి చొరబడుతుంది కనుక బయటివైపు తడిక గాని, చెట్టు నీడ గాని అవసరం. లోపలి తెర అంతగా ఉపకరించదు. వేడి అప్పటికే అద్దం దాటి ఉంటుంది.

కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ (బీఈఈ) 2018 డిసెంబరులో వెలువరించిన ఎకో నివాస్ సంహిత 500 చదరపు మీటర్లు, ఆపైన స్థలాల్లోని నివాస భవనాలకు ఉద్దేశించినది. చిన్న ఇళ్లకూ దాని లెక్క పనికివస్తుంది. సమశీతోష్ణ మండలంలో గచ్చు వైశాల్యంలో కనీసం 12.5 శాతం గాలికి తెరుచుకోవాలి. ఈ లెక్కన 100 చదరపు అడుగుల గదికి 12.5 చదరపు అడుగులు కావాలి. రెండు పలకల స్లైడింగ్ కిటికీ సగమే తెరుచుకుంటుంది గనుక 25 చదరపు అడుగుల కిటికీ పెట్టాలి. రెక్కల కిటికీ అయితే సుమారు 14 సరిపోతుంది.