పోయిన నెలలకు లెక్క కట్టే న్యాయం

ఆపరేషన్ చేసి కడుపులో కత్తెర మరిచిపోతే తప్పు ఎవరిదో ఎక్స్‌రే చెబుతుంది. క్యాన్సర్ కేసుల్లో అంత తేలిగ్గా తేలదు. మనిషి పోయాడు, నిజమే. కానీ ప్రాణం తీసింది జబ్బా, ఆ జబ్బును నెలల తరబడి కనిపెట్టలేకపోయిన డాక్టరా? ముందే తెలిసి ఉంటే బతికేవాడని రూఢిగా చెప్పేదెవరు? ఆసుపత్రి తరఫు లాయరు మొదట అడిగే ప్రశ్న ఇదే. నష్టపరిహారం కోసం కోర్టు మెట్లెక్కిన కుటుంబాలు ఎక్కువగా తడబడేదీ ఇక్కడే. వందేళ్లకు పైబడిన ఈ చరిత్రలో న్యాయస్థానాలు డాక్టర్ల వైపు మొగ్గిన రోజులున్నాయి, రోగి గోడు విన్న రోజులూ ఉన్నాయి.

అమెరికాలో 1914లో తీర్పు వచ్చిన ఒక కేసు గడ్డతోనే మొదలైంది. న్యూయార్క్ ఆసుపత్రిలో చేరిన ఒక మహిళ కడుపులో గడ్డ ఉందని డాక్టర్లు గుర్తించారు. మత్తు ఇచ్చి పరీక్ష చేయడానికి ఆమె ఒప్పుకుంది, కోత మాత్రం వద్దని చెప్పింది. అయినా మత్తులో ఉండగానే గడ్డ తీసేశారు. తర్వాత చేతికి గాంగ్రీన్ సోకి కొన్ని వేళ్లు పోయాయి. వయసొచ్చి, బుద్ధి స్థిమితంగా ఉన్న ప్రతి మనిషికీ తన ఒంటిమీద ఏం జరగాలో నిర్ణయించుకునే హక్కు ఉందని న్యాయమూర్తి బెంజమిన్ కార్డోజో ఆ కేసులోనే రాశారు. కానీ అది ధర్మాసుపత్రి కావడంతో బాధ్యత దానిమీద పడదన్నారు. ప్రపంచమంతా ఇప్పటికీ చెప్పుకునే సూత్రాన్ని మిగిల్చిన ఆ మహిళ కేసు ఓడిపోయింది.

డాక్టర్లకు గట్టి కవచం 1957లో లండన్‌లో దొరికింది. బోలమ్ కేసులో ఒక మానసిక రోగికి కండరాలు సడలించే మందు ఇవ్వకుండా కరెంటు షాక్ చికిత్స చేశారు. తుంటి ఎముకలు విరిగాయి. ఆ రంగంలో బాధ్యత గల డాక్టర్లలో కొందరైనా ఆ పద్ధతిని సరైనదిగా ఒప్పుకుంటే నిర్లక్ష్యం కిందికి రాదని న్యాయమూర్తి జ్యూరీకి చెప్పారు. రోగి ఓడిపోయాడు. డాక్టరు తప్పును డాక్టర్లే తూచే ఆ పద్ధతి మన దేశానికీ వచ్చి స్థిరపడింది. నిపుణుల అభిప్రాయం తర్కానికి నిలవకపోతే కోర్టు పక్కన పెట్టవచ్చని ఇంగ్లండ్‌లో తేలడానికి 1997 దాకా ఆగాల్సి వచ్చింది.

మన సుప్రీంకోర్టు 1960ల చివర్లోనే ఒక పునాది వేసింది. తొడ ఎముక విరిగిన కుర్రాడికి మత్తు ఇవ్వకుండా కాలు లాగి కట్టిన కేసు అది. కేసు తీసుకోవాలా వద్దా, ఏ చికిత్స ఇవ్వాలి, దాన్ని ఎలా ఇవ్వాలి అన్న మూడింటిలోనూ డాక్టరు తగిన శ్రద్ధ చూపాలని చెప్పింది. మాట మంచిదే. దాన్ని పట్టుకుని సివిల్ కోర్టుకు వెళ్లాలంటే మాత్రం అడిగే పరిహారాన్ని బట్టి కోర్టు ఫీజు కట్టాలి, ఏళ్ల తరబడి వాయిదాలకు తిరగాలి. మందులకే పొలం అమ్ముకున్న ఇంటికి అది అయ్యే పని కాదు.

దారి మళ్లించింది 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం. ఫ్రిజ్ చెడిపోతే ఫోరానికి వెళ్లొచ్చు, మరి వైద్యం చెడితే? తాము వ్యాపారులం కామని, తమ సేవను సరుకుతో ఒకే గాటన కట్టేయకూడదని ఇండియన్ మెడికల్ అసోసియేషన్ వాదించింది. 1995 నవంబరు 13న వి.పి.శాంత కేసులో సుప్రీంకోర్టు ఆ వాదన తోసిపుచ్చింది. డబ్బు తీసుకుని చేసే వైద్యం సేవేనని, కొందరి దగ్గర తీసుకుని కొందరికి ఉచితంగా చేసే ఆసుపత్రిలో ఉచిత రోగి కూడా వినియోగదారుడేనని తేల్చింది. బీమా కంపెనీ బిల్లు కట్టినా అంతే. అందరికీ పూర్తిగా ఉచితంగా చేసే ఆసుపత్రులను మాత్రం బయట ఉంచింది. అక్కడ నష్టపోయినవారికి సివిల్ కోర్టు, హైకోర్టు తలుపులే మిగిలాయి. అందరికంటే పేదవాడికే అందరికంటే దూరం దారి చూపించిన మినహాయింపు అది. ముప్పై ఏళ్లయినా సరిదిద్దకపోవడం అన్యాయం.

తెలుగు నేల మీద ఈ చరిత్రలో అన్నిటికంటే పెద్ద అధ్యాయం హైదరాబాద్ నిమ్స్‌లో మొదలైంది. 1990లో ఇరవై ఏళ్ల ఇంజినీరింగ్ విద్యార్థి విడవని జ్వరంతో అక్కడికి వెళ్లాడు. ఛాతీలో ఎడమవైపు గడ్డ కనిపించింది. సూదితో తీసిన నమూనాతో సంగతి తేలలేదు. గడ్డను తెరిచి ముక్క తీసి పరీక్షకు పంపుదామన్నారు. అక్టోబరు 23న ఆపరేషన్ జరిగింది. ముక్కతో ఆగకుండా గడ్డ మొత్తం తీసేశారు. అది క్యాన్సర్ కాదు. మెలకువ వచ్చేసరికి మాత్రం కుర్రాడికి నడుము కింద స్పర్శ లేదు.

వెన్నుకు దగ్గరగా ఉన్న గడ్డకు ముందుగా చేయాల్సిన పరీక్షలు చేయలేదు. ఆపరేషన్ సమయంలో న్యూరోసర్జన్‌ను పక్కన పెట్టుకోలేదు. సంతకం తీసుకున్నది పరీక్షకు ముక్క తీయడానికైతే, చేసింది గడ్డ తొలగింపు. జాతీయ వినియోగదారుల కమిషన్ 1999లో 15.5 లక్షల రూపాయలు ఇప్పించింది. చాలదని బాధితుడు, ఇవ్వక్కర్లేదని ఆసుపత్రి సుప్రీంకోర్టుకు వెళ్లారు. అక్కడ ఆయన చక్రాల కుర్చీలో కూర్చుని తన కేసు తానే వాదించుకున్నారు. 2009 మే 14న కోటి రూపాయలు, పైన వడ్డీ ఇవ్వాలని తీర్పు వచ్చింది.

ఆ తీర్పులో లెక్క కట్టిన తీరు చదివి తీరాల్సింది. నర్సుకు నెలకు 4 వేలు, ఫిజియోథెరపీకి 3 వేలు, కారు నడుపుతూ సాయంగా ఉండే మనిషికి 2 వేలు, ఇలా 30 ఏళ్లకు. మంచం మీంచి లేవడానికి ఒకరు కావాలి, కాళ్లు బిగుసుకుపోకుండా కదిలించడానికి మరొకరు కావాలి, ఆఫీసుకు చేరడానికి ఇంకొకరు కావాలి. కోర్టు ఆయన రోజును గంట గంటగా చూసి రూపాయల్లోకి మార్చింది. దెబ్బతిన్న మనిషి ముందు మిగిలిన జీవితమంతటినీ పరిగణనలోకి తీసుకోవాలన్న ఆలోచన అప్పటిదాకా మన వైద్య నిర్లక్ష్యపు తీర్పుల్లో ఇంత స్పష్టంగా కనబడలేదు. తర్వాత 2013లో కోల్‌కతా ఆసుపత్రి కేసులో పరిహారం వడ్డీ కాక దాదాపు 6 కోట్లకు చేరింది. అది చర్మవ్యాధి చికిత్సలో జరిగిన పొరపాటు. పెద్ద మొత్తాలకు కోర్టు జంకదని అప్పటికి రుజువైంది.

ఈలోగా వేరొక దిక్కున మలుపు తిరిగింది. 1995 ఫిబ్రవరిలో లూథియానాలోని ఒక ఆసుపత్రిలో ముదిరిన క్యాన్సర్‌తో ఉన్న రోగికి రాత్రి 11 గంటలకు ఊపిరాడలేదు. డాక్టర్లు వచ్చేసరికి ఇరవై నిమిషాలు దాటింది. బిగించిన ఆక్సిజన్ సిలిండరు ఖాళీ. కొడుకు పక్క గదికి పరుగెత్తి ఇంకో సిలిండరు తెచ్చాడు, దాన్ని అమర్చే ఏర్పాటు లేదు. తండ్రి పోయాడు. డాక్టర్ల మీద పెట్టిన క్రిమినల్ కేసు జాకబ్ మాథ్యూ కేసుగా 2005లో సుప్రీంకోర్టుకు చేరింది. నేరం కింద శిక్షించాలంటే నిర్లక్ష్యం ఘోరమైనదై ఉండాలని, పోలీసులు తొందరపడి డాక్టర్లను అరెస్టు చేయకూడదని కోర్టు చెప్పి కేసు కొట్టేసింది. సిలిండరు లేకపోవడానికి ఆసుపత్రి సివిల్ బాధ్యత వహించాల్సి రావచ్చని కూడా అదే తీర్పులో అంది. ఆ రెండో మాటను చాలామంది గుర్తుపెట్టుకోరు. జైలుకు, పరిహారానికి కొలతలు వేరని అర్థం.

నాలుగేళ్లకు ఇంకో తీర్పు ఈ తేడాను చెరిపేసినంత పని చేసింది. వినియోగదారుల ఫోరం కూడా ముందు నిపుణుడి అభిప్రాయం తెప్పించుకోవాలంది. డాక్టరు మీద డాక్టరు సాక్ష్యం చెప్పడానికి ముందుకు రాని చోట ఇది తలుపు మూసేయడమే. మళ్లీ తెరిపించింది హైదరాబాద్ వాసి ఒకాయన. మలేరియా శాఖలో ఉద్యోగి. చలిజ్వరంతో ఉన్న భార్యకు ప్రైవేటు ఆసుపత్రిలో టైఫాయిడ్ మందులు వాడారు, ఆమె చనిపోయింది. జిల్లా ఫోరం 2 లక్షలు ఇప్పిస్తే పై కమిషన్లు కాదన్నాయి. 2010 మార్చి 8న సుప్రీంకోర్టు ఆ 2 లక్షలను పునరుద్ధరించి, ప్రతి కేసులోనూ నిపుణుడు అక్కర్లేదని, తప్పు తనంతట తానే మాట్లాడే సందర్భాలుంటాయని స్పష్టం చేసింది. మొత్తం చిన్నదే. దాని నీడలో నిలబడ్డ కేసులు మాత్రం లెక్కలేనన్ని.

ఇక అసలు చిక్కుముడి, ఆలస్యం. దీన్ని సూటిగా పట్టించుకున్నవి విదేశీ కోర్టులే. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఒకాయనకు ఊపిరితిత్తుల క్యాన్సర్‌ను ఆలస్యంగా గుర్తించారు. సకాలంలో గుర్తిస్తే బతికే అవకాశం 39 శాతం, ఆలస్యం వల్ల 25కు పడిందన్న అంకెల మీద వాదన సాగింది. ఎలా చూసినా సగానికి తక్కువే కదా, పోయేవాడే కదా అంది ఆసుపత్రి. పోయిన ఆ 14 శాతానికే విలువ ఉందని, కేసు జ్యూరీ ముందుకు వెళ్లవచ్చని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 1983లో చెప్పింది.

ఇంగ్లండ్‌లో ఇదే ప్రశ్నకు 2005లో పూర్తిగా ఎదురు జవాబు వచ్చింది. 1994లో చంకలో గడ్డ వచ్చిందని వెళ్లినవాడికి కొవ్వుగడ్డే, భయం లేదన్నాడు డాక్టరు. అది లింఫోమా అని తేలేసరికి తొమ్మిది నెలల ఆలస్యం జరిగింది. నయమయ్యే అవకాశం 42 నుంచి 25 శాతానికి దిగింది. మొదటే సగానికి తక్కువ కాబట్టి ఆలస్యం వల్లే నష్టం జరిగిందని రుజువు కాలేదంటూ హౌస్ ఆఫ్ లార్డ్స్ 3-2 మెజారిటీతో రోగి అప్పీలు కొట్టేసింది. ఈ లెక్కన 51 శాతం ఆశ ఉన్న రోగి పట్ల తప్పు చేస్తే పరిహారం వస్తుంది, 49 శాతం ఉన్నవాడి పట్ల చేస్తే రాదు. జబ్బు ఎంత ముదిరితే నిర్లక్ష్యానికి అంత రక్షణ దొరుకుతుందన్నమాట. వ్యతిరేకించిన ఆ ఇద్దరు న్యాయమూర్తులదే ధర్మమైన పక్షం.

గడువు సంగతీ ఇలాంటిదే. న్యూయార్క్‌లో లావర్న్ విల్కిన్సన్ అనే తల్లి 2010లో తీయించుకున్న ఛాతీ ఎక్స్‌రేలో మచ్చ కనిపించినా ఆమెకు ఎవరూ చెప్పలేదు. క్యాన్సర్ అని తెలిసేనాటికి దావా గడువు దాటింది. 2013లో ఆమె చనిపోయింది. తెలిసిన నాటి నుంచి గడువు లెక్కించేలా 2018లో ఆమె పేరు మీదే ఆ రాష్ట్రం చట్టం చేసింది. అదే ఏడాది ఐర్లండ్‌లో విక్కీ ఫెలన్ కేసు దేశాన్నే కుదిపింది. 2011 నాటి ఆమె గర్భాశయ ముఖద్వార పరీక్షలో క్యాన్సర్ లక్షణాలు లేవని రిపోర్టు వచ్చింది. అది తప్పని 2014లో ఆడిట్‌లో తేలినా ఆమెకు 2017 దాకా చెప్పలేదు. అమెరికా ల్యాబ్ 25 లక్షల యూరోలకు రాజీపడింది. నోరు విప్పకూడదన్న షరతుకు ఆమె ఒప్పుకోలేదు. ఆ పట్టుదల వల్లే అలాంటివారు ఇంకా 200 మందికి పైగా ఉన్నారని బయటపడింది.

లేని క్యాన్సర్‌కు చికిత్స చేయడం మరో రకం ఘోరం. అమెరికాలోని మిషిగన్‌లో ఫరీద్ ఫతా అనే డాక్టరు 553 మందికి అక్కర్లేని చికిత్సలు చేసి 2015లో 45 ఏళ్ల జైలుశిక్ష పొందాడు. ఇంగ్లండ్‌లో ఇయాన్ పాటర్సన్ అనే సర్జన్ అనవసరంగా రొమ్ము ఆపరేషన్లు చేశాడు. బాధితులకు 2017లో 3.7 కోట్ల పౌండ్ల నిధి ఏర్పాటైంది. మన దేశంలో కేరళలోనూ 2019లో కొట్టాయంలో ప్రైవేటు ల్యాబ్ రిపోర్టు నమ్మి క్యాన్సర్ లేని మహిళకు కీమోథెరపీ ఇచ్చిన సంగతి వెలుగుచూసి కలకలం రేగింది.

ప్రతి చావూ నిర్లక్ష్యం కాదన్నదీ నిజమే. అన్నవాహిక క్యాన్సర్ రోగి మరణంపై జైపూర్ నుంచి వచ్చిన కేసులో రాష్ట్ర కమిషన్ ఇప్పించిన 15 లక్షలను జాతీయ కమిషన్ రద్దు చేస్తే, 2019లో సుప్రీంకోర్టు ఆ రద్దును సమర్థించింది. రోగ నిర్ధారణలో పొరపాటు జరిగినంత మాత్రాన నిర్లక్ష్యం అయిపోదని చెప్పింది. నిజాయతీగా పనిచేసే డాక్టరుకు ఆ రక్షణ ఉండాల్సిందే.

2019 నాటి కొత్త వినియోగదారుల రక్షణ చట్టంలో ఆరోగ్య సేవల ప్రస్తావన కనబడక తమను వదిలేశారని కొందరు డాక్టర్లు కోర్టుకెక్కారు. 2022లో సుప్రీంకోర్టు కాదంది. శాంత తీర్పును తిరగదోడాలన్న ప్రస్తావన వచ్చినా 2024 నవంబరులో త్రిసభ్య ధర్మాసనం అవసరం లేదని ముగించింది. కొత్త చట్టంతో రోగికి కలిసొచ్చింది మరొకటుంది. నివాసం ఉన్న జిల్లాలోనే ఫిర్యాదు చేసుకోవచ్చు. వెల్లూరులోనో బెంగళూరులోనో వైద్యం చేయించుకున్న చిత్తూరు, అనంతపురం వాసులు ఇక అక్కడికి తిరగక్కర్లేదు. కట్టిన బిల్లు 5 లక్షలు దాటకపోతే ఫీజు కూడా లేదు.

అనుమానం వచ్చిన కుటుంబాలు ముందు చేయాల్సింది కాగితాలు చేతిలో పెట్టుకోవడం. రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో కేస్ షీట్ నకలు ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనలు చెబుతున్నాయి. క్యాన్సర్ కేసుల్లో రిపోర్టు ఒక్కటే చాలదు. ముక్క పరీక్షకు తయారుచేసిన గాజు స్లైడ్లు, మైనంలో దాచిన బ్లాకులు కూడా అడిగి తీసుకోవాలి. వేరే ల్యాబ్‌లో మళ్లీ చూపించి, అప్పుడు ఏం కనబడాల్సిందో, ఏం రాశారో పోల్చడానికి అవే ఆధారం. ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. తప్పు వెంటనే బయటపడనిదైతే, తెలిసిన నాటి నుంచి లేదా కాస్త శ్రద్ధ పెడితే తెలిసి ఉండాల్సిన నాటి నుంచి గడువు లెక్క వేయాలని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. దుఃఖంలో ఉన్న ఇంటికి రెండేళ్లు ఇట్టే గడిచిపోతాయి. కర్మకాండలు అయిన వారంలోనే ఎవరో ఒకరు ఆ ఫైలు సంగతి చూసుకోవాలి.