చూసినవారి మాట ఎంతవరకు ప్రమాణం?

మామూలు కంటికి అందనిది తనకు కనబడిందని ఒకరు చెబితే, ఆ మాట దేనికి ప్రమాణం? మన తత్త్వశాస్త్రంలో ఇది పాత తగవే. ఇంద్రియాలకు అందని విషయాలు యోగులకు నేరుగా తెలుస్తాయని నైయాయికులు ఒప్పుకున్నారు. దాన్నే యోగిప్రత్యక్షం అన్నారు. వేదాన్ని పరమప్రమాణంగా నిలబెట్టిన మీమాంసకుడు కుమారిలభట్టు మాత్రం ససేమిరా అన్నాడు. కన్ను ఎంత గొప్పదైనా దూరాన ఉన్నదాన్నో, సూక్ష్మమైనదాన్నో చూస్తుంది గాని శబ్దాన్ని చూడలేదు కదా అన్నది ఆయన పట్టు. బౌద్ధుడైన ధర్మకీర్తి యోగిప్రత్యక్షాన్ని అంగీకరిస్తూనే ఒక మెలిక పెట్టాడు: కామంతోనో శోకంతోనో భయంతోనో మనసు చెదిరినవాడికి లేని వస్తువు కూడా ఎదుట నిలిచినట్టే కనబడుతుంది. అంటే స్పష్టంగా కనబడినంత మాత్రాన నిజమైపోదు. అతీంద్రియానుభవాలు చైతన్యం గురించి ఏం చెబుతాయన్న చర్చ ఈనాటికీ ఇక్కడే తేలాలని నా నమ్మకం. అనుభవం కలిగిందనడానికి అనుభవించినవారి మాట చాలు. అది ఎందుకు కలిగిందో తేల్చడానికి ఆ మాట ఒక్కటే చాలదు.

ఈ తేడాను లెక్కల్లోకి తెచ్చే మొదటి పెద్ద ప్రయత్నం లండన్‌లో జరిగింది. 1882లో హెన్రీ సిడ్జ్‌విక్ అధ్యక్షుడిగా అక్కడ అతీంద్రియ పరిశోధనకు ఒక సంఘం ఏర్పడింది. 1894లో ఆ సంఘం ప్రచురించిన భ్రాంతుల గణన కోసం 17,000 మందిని ఒకే ప్రశ్న అడిగారు: పూర్తిగా మెలకువలో ఉన్నప్పుడు, బయట ఏ కారణమూ లేకుండా, ఎవరినైనా చూసినట్టో, ఎవరిదైనా గొంతు విన్నట్టో, ఎవరో తాకినట్టో మీకు ఎప్పుడైనా అనిపించిందా? సుమారు పదిమందిలో ఒకరు అవునన్నారు. దూరాన ఉన్న మనిషి రూపం కనబడిన పన్నెండు గంటలలోపు, ముందో వెనకో, ఆ మనిషి చనిపోయిన ఉదంతాలను వేరుచేశారు. ఏడాదికి వెయ్యిమందిలో దాదాపు 19 మంది చనిపోయే ఆ కాలంలో, ఫలానా రోజునే ఫలానా మనిషి పోవడం 19,000లో ఒక వంతు. గణనలో తేలింది 43లో ఒక వంతు. మామూలు భ్రాంతులను జనం మరిచిపోతారని, వాటి సంఖ్యను తామే పెంచి మరీ వేసిన లెక్క అది. ఆ నిజాయితీని మెచ్చుకోవాల్సిందే. అయినా లెక్క ఎంత పక్కాగా వేసినా దానికి ఆధారం ఏళ్లనాటి జ్ఞాపకమే. చావు కబురు తెలిశాక, ముందు కనబడిన రూపం తేదీ తెలియకుండానే ఆ రోజుకు జరిగిపోవచ్చు. అదే రోజున రాసి పెట్టుకున్న కాగితం ఉంటే ఈ సందేహానికి చోటుండదు. అలాంటి కాగితాలు దొరికినవి బహు తక్కువ.

అమెరికన్ తత్త్వవేత్త విలియం జేమ్స్ 1902లో వెలువడిన తన గ్రంథంలో, మార్మికానుభూతి పొందినవారికి దాన్ని నమ్మే హక్కు ఉందనీ, ఇతరులు నమ్మి తీరాలనే బలవంతం మాత్రం లేదనీ తేల్చాడు. దీనికో అభ్యంతరం ఉంది. చైతన్యం గురించి మనకు తెలిసేదంతా లోపలి అనుభవమే అయినప్పుడు, ఒకదాన్ని నమ్మి మరొకదాన్ని పక్కన పెట్టడం పక్షపాతం కాదా? కాదనే నా సమాధానం. చెయ్యి తీసేసిన రోగి లేని వేళ్లలో నొప్పి పుడుతోందంటే వైద్యుడు నమ్ముతాడు, మందు రాస్తాడు. ఆ నొప్పి అక్షరాలా నిజం. అంతమాత్రాన వేళ్లు ఉన్నాయని ఎవరూ అనరు. పైగా లేని చేతిని మెదడు ఎలా నిలుపుకుంటుందో తెలుసుకోవడానికి దారి చూపింది ఆ రోగుల మాటలే. కాబట్టి అనుభవాన్ని కొట్టిపారేసేవారూ పొరబడుతున్నారు, అనుభవించినవారి వ్యాఖ్యానాన్ని కూడా సాక్ష్యంలో కలిపేసేవారూ పొరబడుతున్నారు.

చావు అంచుదాకా వెళ్లొచ్చినవారి కథనాల్లో ఇది మరీ స్పష్టంగా కనబడుతుంది. బెంగళూరు నిమ్హాన్స్‌కు చెందిన సత్వంత్ పస్రీచా, ఇయాన్ స్టీవెన్‌సన్‌తో కలిసి 1986లో 16 భారతీయ ఉదంతాలను ప్రచురించారు. వాటిలో తరచు యమదూతలు వచ్చి పట్టుకుపోతారు. అక్కడ పుస్తకం తిరగేసి చూస్తే తేవలసింది వేరొకరిని అని తేలుతుంది, ఈ మనిషిని వెనక్కి పంపేస్తారు. అమెరికన్ల కథనాల్లో ఇలాంటి పొరపాటు ఊసు కనబడదు. అనుభవానికి రూపం పోసేది మనం పెరిగిన ఊరూ, విన్న పురాణమూ అని దీన్నిబట్టి తెలుస్తుంది. ఆ రూపం వెనక ఏదీ లేదని మాత్రం దీనివల్ల రుజువు కాదు. 2002లో వెలువడిన నివేదిక ప్రకారం, జెనీవాలో ఓలాఫ్ బ్లాంకె బృందం ఒక రోగి మెదడు కుడివైపున ఒకచోట విద్యుత్తు పంపగానే, ఆమెకు పైనుంచి తన శరీరాన్నే చూస్తున్నట్టు అనిపించింది. దానికీ ఇదే న్యాయం వర్తిస్తుంది. దృష్టి కేంద్రాన్ని విద్యుత్తుతో తాకితే మెరుపులు కనబడతాయి, అంతమాత్రాన లోకంలో వెలుగు లేదనలేం కదా.

మరి పైనుంచి చూశామనే మాటకు బయటి పరీక్ష ఎలా? వైద్యుడు శామ్ పర్నియా బృందం ఆసుపత్రి గదుల్లో ఎత్తైన అరలు పెట్టి, పైకప్పు దగ్గరనుంచి చూస్తే తప్ప కనబడని బొమ్మలు వాటి మీద ఉంచింది. 2014లో వెలువడిన ఫలితాల్లో గుండె ఆగిన ఘటనలు 2,060. వాటిలో 78 శాతం అరలు లేని చోట్లే జరిగాయి. తనకు చేసిన చికిత్సను సరిగ్గా వర్ణించిన ఒక్క రోగి ఉన్న గదిలోనూ అర లేదు. తర్వాతి అధ్యయనంలో రోగి తల దగ్గర తెర మీద బొమ్మలు చూపించారు, చెవుల్లో పండ్ల పేర్లు వినిపించారు. 2023లో ప్రచురించిన ఆ ఫలితాల ప్రకారం, బతికి బయటపడి మాట్లాడగలిగిన 28 మందిలో బొమ్మను గుర్తించినవారు ఒక్కరూ లేరు. పండ్ల పేర్లు చెప్పగలిగినవారు ఒక్కరున్నారు. గుండె ఆగి, ఛాతీ మీద ఒత్తిడి పెడుతున్న ఆ నిమిషాల్లో ఆ ఒక్కరి చెవి ఇంకా వింటూనే ఉండి ఉండవచ్చు.