మేకల పక్షాన

కాలువలు కట్టేశారు. ధవళేశ్వరం నుంచి నీళ్లు రావు, పిల్లలకి ఈత లేదు. అంబాజీపేట దగ్గర ఓ పల్లెలో, పెంకుటింటి అరుగు మీద కూర్చున్నారు మీరు. ఎండకి కొబ్బరాకు కూడా కదలడం లేదు. ఇంటి పెద్దావిడ సుద్దముక్కతో గచ్చు మీద పటం గీస్తున్నారు. కొన నుంచి కిందికి నాలుగు ఏటవాలు గీతలు, వాటిని దాటుతూ మూడు అడ్డగీతలు, అడుగున ఇంకొకటి. మూడు అడ్డగీతల చివర్లనీ రెండు పక్కలా నిలువుగా కలిపేశారు. గీతలు కలిసేవి 23 చోట్లు.

"మేకలు నీవి బాబూ" అంటూ 15 చింతపిక్కలు మీ ముందుకు తోశారు. ఆవిడవి మూడు గవ్వలు, అవే పులులు. కొనన ఒకటి, దాని కింది గీత మీద రెండు.

ఒక్కో పిక్కా దించుతున్నారు మీరు. అన్నీ దిగేదాకా మేక కదలకూడదు. పులికి ఆ కట్టుబాటు లేదు. మేక వెనక చోటు ఖాళీగా కనిపిస్తే చాలు, గవ్వ దూకేస్తుంది. అప్పుడే రెండు పోయాయి.

"ఒంటరిగా వదలకు నాయనా, వెనక తోడుండాలి" అన్నారావిడ.

లోపల మనవడు ఫోన్లో చదరంగం ఆడుతున్నాడు. 2002లో, పదిహేనేళ్లకే కోనేరు హంపి గ్రాండ్‌మాస్టర్ అయిన ఆట అది. చదరంగానికి దక్కే గౌరవం తగినదే. కానీ అక్కడ ఇరువైపులా సమాన బలం. ఈ పులిజూదంలో ఒకరు పులి, ఒకరు మంద. నేపాల్‌లో నాలుగు పులులతో, ఇరవై మేకలతో బాఘ్‌చాల్‌గా ఆడేదీ ఈ పోరే.

మూలకి చేరిన పులిని చూడండి. దానికి రెండే దారులు. రెండిటా మేకల్ని నిలిపారు, ఒక్కోదాని వెనక మరో మేకని పెట్టారు. నాలుగంటే నాలుగు పిక్కలు! పులికి అడుగు వేసే చోటు లేదు, దూకే చోటూ లేదు. మిగతా రెండిటినీ అలాగే కట్టేయడానికి ఇంకో గంట పట్టింది.

"ఇప్పుడు పులులు నువ్వు తీసుకో" అన్నారావిడ. గవ్వలు మీ చేతికొచ్చాయి. మనవడు ఫోన్ పక్కన పెట్టి, పిక్కలు పోగేసుకుంటూ నాన్నమ్మ పక్కకి చేరాడు. బలహీనులు కలిసి బలవంతుణ్ణి నిలువరించగలరని ఏడెనిమిదేళ్ల పిల్లలకి చేతులతో నేర్పే ఆట ఇది. చదరంగం పక్కన దీనికీ ఓ చోటు ఉండి తీరాలి.